లెక్కల పుస్తకంలో పేరు లేని పాప

ఈ వారం చోటంతా ఒక్క ఉత్తరానికే ఇస్తున్నాను.

రాసినావిడకు 33 ఏళ్ళు. పశ్చిమ గోదావరి జిల్లాలో, ఉప్పుటేరుకు దగ్గరి ఊరు. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను కూడా. ఆవిడ ఒక రొయ్యల షెడ్డులో లెక్కలు రాస్తారు. చెరువుల మీద పట్టుబడి అయ్యాక ఐసులో వేసి తెచ్చిన సరుకుకి అక్కడ తలలు తీసి, తొక్క ఒలిచి ఫ్యాక్టరీకి పంపుతారు. కూలి కిలోల లెక్కన. ఎవరు ఎంత ఒలిచారో తూకం వేయించి పుస్తకంలో ఎక్కించడం ఈవిడ పని.

"ఒక్కో మనిషి పేరు మీద రెండు చేతులకి సాధ్యం కానన్ని కిలోలు పడతాయి మేడమ్. అందులో పిల్లలవీ ఉంటాయి. పిల్లల పేర్లు రాయొద్దని చేరిన రోజే చెప్పారు" అని రాశారు.

ఊళ్ళో ఆడవాళ్ళు కొందరు సెలవు రోజుల్లో తమ పిల్లల్ని వెంట తెస్తారట. ఆవిడ నిద్ర పోగొట్టింది మాత్రం వాళ్ళు కాదు. ఐదు నెలల క్రితం ఒడిశా నుంచి ఒక మేస్త్రీ తెచ్చిన పాప. పదకొండో పన్నెండో ఏళ్ళు ఉంటాయి. తల్లిదండ్రులు వెంట లేరు, మేస్త్రీనే మేనమామ అంటుంది. షెడ్డు వెనక గదిలో ఆడవాళ్ళతో పడుకుంటుంది. తెల్లవారుజామున మూడింటికి లోడు దిగితే లేపుతారు. రొయ్య ముల్లు గుచ్చుకుని వేళ్ళు వాచిపోయి, గుడ్డపీలికలు చుట్టుకుని పని చేస్తుంది. ట్రేలు మోసేటప్పుడు తన భాషలో "ఏక, దుయి, తిని" అని లెక్కపెట్టుకుంటూ నడుస్తుందట. కూలి ఇంట్లో తీసుకున్న అడ్వాన్సులో విరుగుతోందని మేస్త్రీ చెబుతాడు. ఒకరోజు ఈవిడ దగ్గరికి వచ్చి, తెలిసీ తెలియని తెలుగులో, ఇంటికి ఫోన్ చేయమని అడిగింది. మర్నాడు మళ్ళీ వచ్చి, "అక్కా, అడిగినట్టు చెప్పొద్దు" అంది. ఈ మధ్య సూపర్‌వైజరు రాత్రిళ్ళు ఆ గది వైపు తిరుగుతున్నాడు. "నేను కళ్ళతో ఏమీ చూడలేదు. కానీ నాకు చాలా టెన్షన్‌గా ఉంది" అన్నారు.

ఆర్నెల్ల క్రితం అధికారులు తనిఖీకి వచ్చారు. వాళ్ళ జీపు గేటు దగ్గరికి రాకముందే ఎవరో ఫోన్ చేశారు. పిల్లల్ని వెనక గేటు నుంచి కొబ్బరితోటలోకి పంపేశారు. అధికారులు పుస్తకం చూశారు. ఆవిడ రాసిన పుస్తకమే. అన్నీ పెద్దవాళ్ళ పేర్లే.

ఇక అసలు ముడి. షెడ్డు ఓనరు ఆవిడ నాన్నగారి స్నేహితుడు, "బాబాయి గారూ" అని పిలుస్తారు. రెండేళ్ళ క్రితం భర్తకు లారీ గుద్ది కాలు విరిగితే ఆపరేషన్‌కి 80 వేలు ఇచ్చి, తర్వాత ఈ ఉద్యోగం కూడా ఇచ్చారు. వడ్డీ మాట ఎత్తలేదు. "నేను చెబితే ఆయన అన్నం తిని ఆయనకే ద్రోహం చేసినట్టు. చెప్పకపోతే ఆ పాప ఉసురు నాకు తగులుతుంది. చెప్పాక దాని బతుకు ఇంకా అధ్వాన్నమైతే? పుస్తకంలో రాత నాది కదా, నన్నే పట్టుకుంటే? ఏం చేయాలి మేడమ్?" ఇదీ ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం ఆరు పేజీలు. అందులో మూడు పేజీలు బాబాయి గారు మీకు చేసిన సాయమే. ఇది తప్పుపట్టడానికి అనడం లేదు. మీ బాధ ఎక్కడుందో మీ ఉత్తరమే చెబుతోంది. ఆయన మిమ్మల్ని ఆదుకున్నది నిజం. ఆయన షెడ్డులో ఊరుకాని ఊరి పిల్ల వేళ్ళు కుళ్ళిపోతున్నదీ నిజం. మీరు ఈ రెండిటినీ ఒకదానికొకటి చెల్లు వేయాలని చూస్తున్నారు. లెక్కలు రాసే మీకు నేను చెప్పాలా, ఇవి రెండు వేర్వేరు ఖాతాలు. మీ 80 వేల బాకీ మీ ఇంటి బాకీ. నెలకింత అని మీరు తీర్చగలరు, తీర్చండి. ఆ బాకీలో ఆ పాపకి వాటా లేదు.

షెడ్డులో ఉన్న పిల్లలందరినీ ఒకే గాటన కట్టకుండా చూద్దాం. తల్లుల వెంట వచ్చే ఊరి పిల్లల సంగతి ఒకటి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదని 2016లో సవరించిన బాల కార్మిక చట్టం చెబుతోంది. బడి వేళలు అయ్యాక, సెలవుల్లో సొంత కుటుంబం నడుపుకునే పనిలో సాయం చేయడానికి మాత్రం మినహాయింపు ఉంది. షెడ్డు ఆ తల్లుల సొంతం కాదు కాబట్టి ఆ మినహాయింపు ఇక్కడ వర్తించదు. అయినా, వాళ్ళ విషయంలో మొదటి అడుగు బడి టీచరు, అంగన్‌వాడీ కార్యకర్త, సచివాలయం మహిళా పోలీసు వేసేలా చూడవచ్చు. ఆ తల్లులు మీతో మాట్లాడతారు, మీ మాట వింటారు. సాయంత్రం కాసేపు కూర్చుని, పిల్లకి ఎన్ని రోజుల హాజరు తగ్గింది, తగ్గితే పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఏమవుతుందో మాట్లాడితే కొందరైనా మానేస్తారు. దానికి వారం పట్టినా, నెల పట్టినా ఫర్వాలేదు.

ఆ ఒడిశా పాప విషయంలో అంత సమయం లేదు. ఆ పాప దగ్గర అమ్మ లేదు, ఫోన్ లేదు, భాష లేదు, చేతికి కూలి రాదు. అడ్వాన్సు కింద మనిషిని కట్టేసి పని చేయించడాన్ని 1976 నాటి చట్టం వెట్టిచాకిరీ అంటుంది. పిల్లల్ని పనికోసం కట్టిపడేసి, వాళ్ళ కూలి వాళ్ళకివ్వకుండా ఉంచుకుంటే 2015 బాలల న్యాయ చట్టం 79వ సెక్షన్ కింద ఐదేళ్ళ వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. దోపిడీ కోసం పిల్లల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తేవడం మనుషుల అక్రమ రవాణా. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ దానికి పదేళ్ళకు తగ్గని శిక్ష వేస్తుంది. "పిల్ల ఇష్టపడే వచ్చింది" అనే మాట అక్కడ చెల్లదు.

"పని లేకపోతే వాళ్ళు తింటారా" అని బాబాయి గారు అన్నారని రాశారు. ఈ మాట మన జిల్లాల్లో మంచివాళ్ళే ఎక్కువగా అంటారు, అందుకే దీనికి జవాబు చెప్పాలి. శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఏళ్ళ తరబడి ఇంటింటికీ తిరిగి, పశువుల వెంట, పొలాల్లో ఉన్న పిల్లల్ని బడిలో వేయించారు. ఆ పిల్లల ఇళ్ళవాళ్ళూ పేదవాళ్ళే. దారి చూపించి, బడిలో నిలబడేదాకా తోడుంటే పేద తల్లిదండ్రులు కూడా పిల్లల్ని చదివించుకుంటారని అక్కడ తేలింది. 2003లో ఆవిడకు మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలయ్యారు. పైగా ఈ పాప విషయంలో ఆ మాటకి ఆధారమే లేదు. ఆ పాప కష్టం ఆ పాప కడుపు నింపడం లేదు, మేస్త్రీ పద్దు నింపుతోంది.

సూపర్‌వైజరు గురించి మీరు రాసిన నాలుగు వాక్యాలు నేను చాలాసార్లు చదివాను. మిగతా ఉత్తరమంతటికీ దారులు చెబుతాను గానీ దీనికి ఒక్కటే చెబుతాను. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా పోలీసులకు తెలియజేయాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది. కళ్ళతో చూసి ఉండాలని అనలేదు. నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోతే ఆర్నెల్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద మాత్రం కేసు ఉండదని అదే సెక్షన్ రక్షణ ఇచ్చింది. కాబట్టి ఫోన్ చేసేటప్పుడు ఆ రాత్రిళ్ళ మాట చివర్లో గొణగకండి. మొదటే చెప్పండి.

ఇక ఎలా చెప్పాలన్నది.

ఒక దారి పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు. 2023 నుంచి దీన్ని ప్రభుత్వమే నడుపుతోంది, అత్యవసర నంబరు 112తో కలిపారు. మీ పేరు చెప్పనక్కర్లేదు. ఇందులో చిక్కు ఏమిటంటే, వివరం సరిగ్గా అందకపోతే కిందటిసారిలాగే జీపు పగలు పదకొండింటికి ముందు గేటుకి వస్తుంది. దానికి విరుగుడు మీ చేతిలో ఉంది. లోడు ఏ వేళకి దిగుతుందో, పాప ఏ గదిలో పడుకుంటుందో, వెనక గేటు ఎటు తెరుచుకుంటుందో, కొబ్బరితోటలో ఎక్కడ దాచారో చెప్పండి. ఒరియా వచ్చినవాళ్ళు, మహిళా పోలీసు తప్పకుండా కావాలని చెప్పండి. కిందటిసారి ముందే కబురు అందిందని కూడా చెప్పండి. మొహమాటపడొద్దు.

రెండో దారి జిల్లా బాలల సంక్షేమ కమిటీకి నేరుగా రాయడం. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటుకి ఉండే అధికారాలు దానికి ఉన్నాయి, ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తనంతట తానే కదలగలదు. లోకల్ స్టేషన్‌లో ఎవరో ఒకరు ఓనరుకి తెలిసినవాళ్ళని మీ భయం కాబట్టి, ఈ దారి మీకు కొంత ధైర్యం ఇవ్వవచ్చు. కాకపోతే ఉత్తరం ఫోన్ కన్నా నిదానం. సూపర్‌వైజరు సంగతి ఉండగా ఉత్తరం ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకూడదని నా అభిప్రాయం. ఫోన్ చేసి, తర్వాత ఉత్తరం రాస్తే మేలు.

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇద్దామని మీ వారు అన్నారట. రోడ్డుకో పింఛనుకో అది మంచి దారే. దీనికి నప్పదు. అర్జీ మీద మీ పేరు, ఫోన్ నంబరు ఉంటాయి, అది కింది ఆఫీసుకి దిగుతుంది. ఈ సంగతి ముందుగా అందకూడని చెవులు ఎక్కువ ఉన్నది అక్కడే.

బాబాయి గారితోనే మాట్లాడితే? ఆయన మనసు మంచిదని మీరు నమ్ముతున్నారు. కావచ్చు. కానీ ఆయన ఆ మాట మేస్త్రీతో అన్న రాత్రే పాప ఇంకో ఊరికి, ఇంకో షెడ్డుకి మారిపోతుంది. మీకు అక్కడ ఎవరు ఉంటారు చెప్పడానికి? ఊరి పిల్లల గురించైతే ఆయనతో మాట్లాడండి, అదీ ఈ పాప బయటపడ్డాకే.

ఉద్యోగం మానేసి దూరంగా ఉండిపోవడం కూడా ఒక దారిలా రాశారు. దాని గురించి నా సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం కోనసీమలో ఒక బడిలో టీచరుగా ఉన్నాను. ఏడో తరగతి పిల్ల ఒకతి రావడం మానేసింది. రోజూ పేరు పిలిచాను, రోజూ ఆబ్సెంట్ వేశాను. నలభై రోజులు అలా వేసి, పేరు కొట్టేశాను. రెండేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో కనిపించింది. పెద్దింటివాళ్ళ పసిపిల్లను ఎత్తుకుని భోజనాల పందిరి వారగా నిలబడి ఉంది. జుట్టు కురచగా కత్తిరించేశారు. నన్ను చూసి నమస్కారం పెట్టబోయింది. చేతులు ఖాళీ లేవు, తల వంచింది. నేను పలకరించి, విస్తరి ముందు కూర్చుని భోంచేసి వచ్చాను. ఆ తర్వాత బదిలీ చేయించుకున్నాను. దూరం వెళ్ళినంత మాత్రాన ఆ పిల్ల నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

రిజిస్టర్లు మన చేతుల్లోనే ఉంటాయమ్మా. ప్రభుత్వం పిల్లల్ని గుర్తించడం అంటే జీపు రావడం అనుకుంటాం. 2015 నుంచి ఆపరేషన్ స్మైల్, ముస్కాన్ అని పోలీసులు నెలపాటు గాలింపులు చేస్తున్నారు. రైల్వేస్టేషన్లలో, బస్టాండుల్లో తిరిగే పిల్లలు వాటివల్ల ఇళ్ళకు చేరారు, అది చిన్న విషయం కాదు. కానీ గేటు వెనక ఉన్న పిల్లలకి ఆ గాలింపు తారీఖులు ఓనర్లకి ముందే తెలియడం శాపం. జూన్ 12 బాల కార్మిక వ్యతిరేక దినం చుట్టూ జరిగే తనిఖీలూ అంతే. రొయ్యల పని క్యాలెండరు చూసి నడవదు, పట్టుబడిని బట్టి నడుస్తుంది. లేబర్ అధికారులు తెల్లవారుజామున, పట్టుబడులు జోరుగా ఉన్న రోజుల్లో, ఏ ఊరు వెళ్తున్నారో ఆఖరి నిమిషం దాకా డ్రైవరుకి కూడా చెప్పకుండా వెళ్ళాలి. శుభ్రత చూడటానికి వచ్చేవాళ్ళు టోపీలు, గ్లౌజులు, క్లోరిన్ నీళ్ళు చూస్తారు. ఆ గ్లౌజు లోపలి చెయ్యి ఎంత చిన్నదో కూడా వాళ్ళే రాయాలి. తూకం పుస్తకంలో మీరు పట్టుకున్న తేడాని, ఒక మనిషికి సాధ్యం కాని కిలోలని, తనిఖీకి వచ్చినవాళ్ళు ఎందుకు పట్టుకోలేకపోయారు? ఇది మీ తప్పు కాదు, వాళ్ళని అడగాల్సిన ప్రశ్న. ఈ వివరం కూడా కమిటీకి రాయండి. మీ షెడ్డుకే కాదు, చుట్టుపక్కల షెడ్లన్నిటికీ పనికొస్తుంది.

"చెప్పాక ఇంకా అధ్వాన్నమైతే?" అన్నారు. ఆ భయానికి కారణం ఉంది. పాపని బయటికి తెచ్చిన తర్వాత ప్రయాణం పోను 24 గంటల్లో కమిటీ ముందు హాజరు పరచాలి. స్టేషన్‌లో ఉంచకూడదు. కమిటీ ఆమెను బాలికల హోమ్‌కి పంపి, ఇంటి సంగతులు విచారించి, సొంత జిల్లా కమిటీకి అప్పగిస్తుంది. పని చెడిపోయేది సరిగ్గా ఇక్కడే. మేస్త్రీ "నేను మేనమామని" అని ఏదో కార్డు పట్టుకుని వస్తాడు. విచారణ తొందరలో జరిగితే పాప అతని చేతికే వెళ్ళి, నెల తిరిగేలోగా ఇంకో చెరువు గట్టున తేలుతుంది. దీన్ని ఆపగలిగేది మీకు తెలిసిన చిన్న చిన్న సంగతులే. మీతో మాట్లాడినప్పుడు ఊరి పేరు ఏమైనా అందా? ఏ స్టేషన్‌లో రైలు ఎక్కింది? అమ్మ పేరు, బడి పేరు, ఫోన్ చేయమన్నప్పుడు చెప్పిన నంబరులో గుర్తున్న నాలుగు అంకెలు? తప్పుగా పలికినా సరే, ఎలా వినబడితే అలా చెప్పండి. ఆ భాష తెలిసినవాళ్ళు దాన్ని పట్టుకుంటారు. పాపని మాత్రం గుచ్చి గుచ్చి అడగొద్దు, "నిన్ను పంపించేస్తాను" అని మాట ఇవ్వొద్దు. ఫొటో తీయొద్దు. వాట్సాప్‌లో పెట్టడం అసలొద్దు. పిల్ల ఎవరో బయటపెట్టడం నేరం, మేస్త్రీకి అది ముందస్తు కబురు కూడా.

అడ్వాన్సు కోసం ఇంటిమీద పడతారేమోనని పాప భయం. వెట్టి కింద తేలితే ఆ బాకీ చట్టప్రకారం రద్దయినట్టే. దానికి అధికారులు విడుదల పత్రం ఇవ్వాలి. వెట్టి నుంచి విడిపించిన పిల్లలకి, ఆడవాళ్ళకి 2016 నాటి పథకంలో 2 లక్షల రూపాయల పునరావాస సాయం ఉంది, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షలు. పూర్తి మొత్తం కేసులో శిక్ష పడటంతో ముడిపడి ఉంది కాబట్టి ఆలస్యమవుతుంది. ముందుగా ఇచ్చే 30 వేల లోపు తక్షణ సాయానికి ఆ మెలిక లేదు. చాలా కేసుల్లో బాల కార్మికురాలని మాత్రమే రాసి, వెట్టి మాట వదిలేస్తారు. అందుకే "అడ్వాన్సులో విరుగుతోంది" అన్న మేస్త్రీ మాటని యథాతథంగా చెప్పండి. ఆ ఒక్క ముక్క ఆ పాప ఇంటి బాకీని మారుస్తుంది.

ఇక మీ సంగతి. పుస్తకంలో రాత మీదే. "మీకేమీ కాదు" అని నేను మాట ఇవ్వలేను. నాకు తోచింది చెబుతాను. ఆ పుస్తకం దిద్దకండి, ఇంటికి తీసుకెళ్ళకండి, పేజీ చింపకండి. అది సాక్ష్యం. అధికారులు వచ్చాక ఎవరైనా తిరగరాయమంటే ఒప్పుకోకండి. 1098కి ఫోన్ చేసే ముందే 15100కి చేసి, న్యాయ సేవాధికార సంస్థ లాయరుతో మాట్లాడండి. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఆ సాయం ఉచితం. మీరు జీతానికి పనిచేసే మనిషనీ, తప్పు మీ చేత రాయించారనీ, మీరే ముందు చెప్పారనీ లాయరు ద్వారా నమోదు కావడం వేరు, ఎవరో పట్టుకున్నాక చెప్పుకోవడం వేరు. పేరు చెప్పకుండా ఫోన్ చేస్తే అనుమానం మీ మీదికి తక్కువగా వస్తుంది, కానీ ఈ రక్షణ పలచబడుతుంది. పేరు చెబితే రక్షణ గట్టిపడుతుంది, ఊళ్ళో మాట పడాల్సి రావచ్చు. దీన్ని మీరూ మీ వారూ కలిసి తేల్చుకోవాలి. ఉద్యోగం పోవచ్చన్నది మాత్రం ఇద్దరూ ముందే అనుకోండి. బియ్యం, మందులు, పిల్లల ఫీజులకి రెండు నెలల లెక్క వేసుకోండి. లెక్కలు వచ్చిన మనిషికి ఆకివీడు, భీమవరం చుట్టూ పని దొరక్కపోదు.

బాబాయి గారి ఎదుట ఎలా నిలబడాలి అని ఆఖరి పేజీలో అడిగారు. ఆయన తిడతారు, బహుశా ఏడుస్తారు కూడా. అప్పుడు వాదించొద్దు. బాకీలో మొదటి వాయిదా, ఐదు వేలో పదివేలో, చేతిలో పెట్టండి. ఆ పాప మాట వస్తే, దాని వేళ్ళకి గుడ్డపీలికలు మీరే చించి ఇచ్చారని ఉత్తరంలో రాశారు కదా, ఆ సంగతి ఆయనకు చెప్పండి.

మీ కవరు మీద పోస్టాఫీసు ముద్ర స్పష్టంగా పడింది. చింపి పొయ్యిలో వేశాను. ఇంకోసారి రాస్తే వేరే ఊళ్ళో డబ్బాలో వేయండి. ఫోన్ చేసే ముందే రాస్తే, ఏ మాట ముందు చెప్పాలో కలిసి రాసుకుందాం. కానీ నా జవాబు కోసం ఆగకండి.